జయంతి చదివిన ఊరు

అమెరికాలో హెర్న్‌డన్ ఊరి లైబ్రరీలో పాత పుస్తకాల అమ్మకం పెట్టిన శనివారం నాడు, కూతురింటికి వచ్చిన జయంతి మనవరాలు దియను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లింది. తొమ్మిదేళ్ల దియ లోపలికి అడుగుపెట్టగానే బల్లల మధ్య మాయమైపోయింది. జయంతి మాత్రం గోడవార నేలమీద పెట్టిన ఓ అట్టపెట్టె దగ్గర ఆగిపోయింది. అందులో మడతపెట్టిన మ్యాపులు ముప్ఫై దాకా ఉన్నాయి. కొన్నిటికి పసుపు అట్టలు, కొన్నిటికి ఎర్ర అట్టలు, అన్నిటికీ అంచులు నలిగిపోయాయి. పైనున్నదాన్ని తీసి విప్పింది. విప్పేకొద్దీ అది పెరిగి పెరిగి బల్లంత అయింది.

జయంతి ముప్ఫై ఆరేళ్లు ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో మ్యాపులు గీసిన మనిషి. ట్రేసర్‌గా చేరి హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరైంది. కాలవలు, లాకులు, లంకలు ఎన్ని గీసిందో లెక్కలేదు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ గీసే గీతను కాంటూరు అంటారు. గీతలు ఎడంగా ఉంటే నేల చదును, దగ్గర పడితే ఏటవాలు, ఒకదానికొకటి అంటుకుపోతే కొండ అంచు. గోదావరి డెల్టాలో అన్నీ ఎడం గీతలే. జానెడు ఎత్తు తేడా కోసం ఇంజినీర్లు పూటంతా వాదించుకునే నేల అది. ఈ కాగితం మీద గీతలు వేలిముద్రల్లా మెలికలు తిరిగి, ఒకచోట విచ్చుకుని, ఇంకోచోట నల్లగా ముద్దకట్టి ఉన్నాయి. ఇంగ్లండులో యార్క్‌షైర్ అనే చోట కొండలూ లోయలూ అవి. అరవై మూడేళ్ల జయంతికి ఒళ్లు ఝల్లుమంది.

"అమ్మమ్మా, ఇది బుక్ కాదు కదా?" దియ నాలుగు పుస్తకాలు పొట్టకి ఆనించుకుని వచ్చింది.

"పుస్తకమేనే. చదవడం రావాలి."

అల్లుడు ఉమాకాంత్ వచ్చి ఆ పెట్టెను కారెక్కించాడు. ఆ తర్వాత నెల రోజులు జయంతి ఇల్లు కదలకుండా బ్రిటనంతా తిరిగింది. పొద్దున కూతురు స్మృతి ఆఫీసుకీ, దియ బడికీ వెళ్లాక డైనింగ్ టేబుల్ మీద ఒక మ్యాపు పరిచేది. ఉమాకాంత్ ఇంట్లోంచే పని చేసుకునేవాడు. కాఫీకి కిందికి వచ్చినప్పుడల్లా ఆగి పలకరించేవాడు.

"ఇయ్యాల ఎక్కడిదాకా పోయిన్రు అత్తమ్మా?"

"లడ్లో దాకా బాబూ. నది వంపు తిరిగిన చోట గట్టుమీద కోట కట్టారు. కట్టించినవాడెవరో గానీ నేల చూడటం తెలిసినవాడు."

అతను నవ్వుతూ మెట్లెక్కిపోయేవాడు. జయంతికి ఆ నవ్వు పట్టేది కాదు. అప్పటికే ఆమె లడ్లో దాటి వేల్స్ కొండల్లోకి వెళ్లిపోయి ఉండేది.

మే నెలలో ఓ బుధవారం సాయంత్రం స్మృతి ఆఫీసు నుంచి వస్తూనే చెప్పులు విడవకుండా వంటింట్లోకి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"లీడ్స్‌లో కొత్త టీమ్ పెడుతున్నారు. నన్ను లీడ్ చేయమన్నారు. ఆగస్టులో మూవ్ అవ్వాలి."

"లీడ్సా?" అన్నాడు ఉమాకాంత్. "యూకేనా? ఆలోచించి చెప్తనన్నవా?"

"పార్కింగ్ లాట్‌లోంచే ఎస్ అని మెయిల్ పెట్టేశాను. ఇక్కడ గ్రీన్ కార్డ్ లైన్‌లో పదకొండేళ్లు నిలబడ్డాం ఉమా. వీళ్లు నన్ను రమ్మని అడుగుతున్నారు. నీకు రిమోట్ ఓకే అంటారు, నాకు తెలుసు."

ఉమాకాంత్ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, "నువ్వు ఇంత ఖుషీగ ఉంటే నేనేం అంటా," అన్నాడు.

ఇంతలో జయంతి గదిలోకి వెళ్లి, రెండు మ్యాపులతో తిరిగి వచ్చింది. టేబుల్ మీది అన్నం గిన్నె పక్కకి జరిపి పరిచేసింది. "ఇదిగో లీడ్స్. ఈ షీటులో సగమే పడింది. మిగతా సగం దీన్లో ఉంది. ఆ గ్లాసులు తియ్యండి."

స్మృతి వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్తే చాలు. అంటే లీడ్స్‌కి రైల్లో గంట దూరంలో ఎక్కడైనా ఉండొచ్చు. ఆ మాటతో ఇంట్లో గోల మొదలైంది. తెలుగువాళ్లు, కిరాణా కొట్లు ఉన్న పెద్ద ఊరు కావాలని ఉమాకాంత్ పట్టు. సముద్రమూ కోటా రెండూ కావాలని దియ. వీడియోల్లో చూసిన ఊళ్లన్నీ స్మృతికి నచ్చాయి, పూటకో ఊరు. దియను బడిలో చేర్చాలంటే రెండు వారాల్లో అడ్రసు ఖాయం చేసుకోవాలి.

జయంతి ఎవరితోనూ వాదించలేదు. లీడ్స్ నుంచి బయల్దేరే రైలు గీతలన్నిటినీ ఒక్కొక్కటిగా వేలితో పట్టుకుపోయింది. వాయవ్యంగా పోయే లైను వెంట వెళ్తూ వెళ్తూ సెటిల్ అనే ఊరి దగ్గర ఆగింది. అక్కడ ఎవరో సన్నగా పెన్సిల్‌తో గీసిన దారి ఉంది. పక్కన ఇంగ్లిషులో రాసిన చిన్న మాట కూడా ఉంది, 'ఎప్పుడైనా వెనక్కి వెళ్తే ఇక్కడే' అని. అట్ట లోపలివైపు తిప్పి చూస్తే ఓ స్టిక్కరు. డోరీన్ హార్‌గ్రీవ్స్, హెర్న్‌డన్. కింద ఫోన్ నంబరు.

ఫోన్లో ఇంగ్లిషు మాట్లాడటమంటే జయంతికి ఛీఫ్ ఇంజినీరు ముందు ఫైలు పట్టుకుని నిలబడ్డట్టే. అయినా మర్నాడు పొద్దున మంచినీళ్లు తాగి, చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని మరీ ఫోన్ చేసింది. అటునుంచి ఒక ముసలి గొంతు అంతా విని, ఆ పెన్సిల్ మాట మళ్లీ చదివించుకుంది. తర్వాత, "ఆ మ్యాపు తీసుకుని మూడింటికి రండి. టీ పెడతాను," అంది.

దియ బడి నుంచి రాగానే ఇద్దరూ బయల్దేరారు. డోరీన్ ఉండేది వయసుమళ్లినవాళ్ల అపార్ట్‌మెంట్లలో, ఇంటికి పది నిమిషాల నడక. తలుపు తీసిన డోరీన్ బక్కపలచగా, తెల్లటి పొట్టి జుట్టుతో ఉంది. ఎనభై నాలుగేళ్లు. పాలు పోసిన టీ కెటిల్‌లోంచి వంచి ఇచ్చింది. అమెరికాలో మొదటిసారి ఓ పరాయి ఇంట్లో టీ లాంటి టీ తాగానని జయంతి తర్వాత కూతురికి చెప్పింది.

"నాకు చూపులో నడిమి భాగం పోయింది. అంచులు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనపడదు," అంది డోరీన్. "అందుకే ఆ పెట్టె ఇచ్చేశాను. ఎవరూ తీసుకోరు, చెత్తలో పడేస్తారనుకున్నాను."

"ఈ పెన్సిల్ రాత మీదేనా?"

"ఫ్రాంక్‌ది. నా భర్త. ఇద్దరం బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్ని మిల్లుల పొగలో పుట్టినవాళ్లం. ఆదివారం వస్తే రైలెక్కి సెటిల్‌లో దిగేవాళ్లం. తర్వాత అతనికి ఇక్కడ ఎయిర్‌పోర్టులో ఉద్యోగం వచ్చింది. నాలుగైదేళ్లకోసారి వెళ్లినప్పుడల్లా ఆ దారినే నడిచేవాళ్లం." డోరీన్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మీకు చదవడం వచ్చన్నారుగా. చదవండి. స్టేషన్ దగ్గర మొదలుపెట్టండి."

జయంతి కళ్లజోడు సర్దుకుని వేలు పెట్టింది. ఒక్కో మాటా కూడబలుక్కుని ఇంగ్లిషులో చెప్పసాగింది. తట్టని చోట తెలుగులో అంటే దియ అందించేది.

"స్టేషన్ దాటాం. సంత జరిగే కూడలి. కుడివైపు గీతలు అంటుకుపోయాయి. ఊరి నెత్తిమీదే కొండ ఉంది."

"కాసిల్‌బర్గ్. ఎక్కితే ఇళ్ల కప్పులన్నీ కనిపిస్తాయి. రాతిపలకల కప్పులు, వానకి నల్లగా మెరుస్తాయి. సంత మంగళవారం. ఆ తర్వాత?"

"ఉత్తరంగా వెళ్తున్నాం. ఎడమచేతి వైపు కింద నది. ల్యాంగ్‌క్లిఫ్ అనే పల్లె. అక్కడి నుంచి పొలాల మీదుగా కాలిబాట. గోడలు, గోడలు. ఈ ముక్కలోనే ఏడు గోడలు దాటాలి."

"ఏడా? నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. రాతి గోడలవి, దాటడానికి మెట్లుంటాయి. మే నెలలో ఆ దారంతా అడవి వెల్లుల్లి వాసన." డోరీన్ కళ్లు మూసుకుంది. "ఆపకండి."

"చిన్న వంతెన. దాని కింద స్టెయిన్‌ఫర్త్ ఫోర్స్ అని రాసుంది."

"ఫోర్స్ అంటే పవర్ అమ్మమ్మా," అంది దియ. "పోలీస్ ఫోర్స్ లాగ."

జయంతి మ్యాపు మీదికి వంగింది. వంతెనకి పైన నది నెమ్మదిగా ఉంది. కింద మాత్రం గట్టు గీతలు ఉన్నట్టుండి దగ్గర పడ్డాయి. "కాదే. ఇక్కడ నది అడుగు ఒక్కసారిగా దిగిపోతోంది. నీళ్లు దూకుతున్నాయి. ఇది జలపాతం."

దియ ఆ మాట ఇంగ్లిషులో చెప్పగానే డోరీన్ కప్పు కింద పెట్టేసింది. "జలపాతాన్ని ఫోర్స్ అనేది మా ఇంగ్లండు ఉత్తరాదివాళ్లే. లండన్‌వాళ్లకే తెలియదు. మీకెవరు చెప్పారు?"

"గీతలు," అంది జయంతి.

డోరీన్ చెయ్యి చాపి, వెతుక్కుని, జయంతి మణికట్టు పట్టుకుంది. "అక్టోబరులో అక్కడ సాల్మన్ చేపలు కిందనుంచి పైకి ఎగురుతాయి. సముద్రం నుంచి వస్తాయి, గుడ్లు పెట్టడానికి. మూడుసార్లు పడి నాలుగోసారి ఎక్కుతాయి."

"మా గోదావరిలో పులసలు కూడా అంతే. వరదనీళ్లలో ఎదురీదుకుంటూ వస్తాయి," అంది జయంతి. దియ ముక్కు చిట్లించింది. ముసలివాళ్లిద్దరూ చేపల మీద పడి ఇంకో పావుగంట తేలలేదు. ఎర్రనీళ్లలో చేపకి దారెలా తెలుస్తుందని ఒకరు, రాయి మీంచి జారితే ఏమవుతుందని ఇంకొకరు.

చివరికి జయంతి వచ్చిన పని చెప్పింది. కూతురికి ఉండటానికి ఓ ఊరు కావాలని.

"చూడ్డానికి వెళ్లే ఊళ్లు వేరు, ఉండే ఊళ్లు వేరు," అంది డోరీన్. "చూడ్డానికి విట్బీ వెళ్లండి. చర్చికి నూట తొంభై తొమ్మిది మెట్లు, కింద చేపల వాసన, పైన గాలి. హోలీ ఐలండ్ వెళ్లండి. రోజుకి రెండుసార్లు సముద్రం వచ్చి రోడ్డు మింగేస్తుంది, టైము చూసుకోకపోతే ఇరుక్కుపోతారు. అక్కడ మాత్రం కాపురం పెట్టకండి. ఉండటానికైతే రైలు ఆగాలి, వెనక తలుపు తీస్తే కొండదారి మొదలవ్వాలి. తక్కినవన్నీ సర్దుకుంటాయి."

"కొత్తిమీర దొరుకుతుందా?" జయంతి అల్లుణ్ణి తలుచుకుని అడిగింది.

డోరీన్ పగలబడి నవ్వింది. "బ్రాడ్‌ఫర్డ్‌లో మీకు దొరకనిది నాకు చెప్పండి. నేను వచ్చేసేనాటికే మా వీధి చివర మీ మసాలాల కొట్టు ఉంది."

ఇంటికి వచ్చేటప్పుడు జయంతి ఎంత వేగంగా నడిచిందంటే దియ వెనక పరిగెత్తాల్సి వచ్చింది.

ఆదివారం ఇడ్లీలు తిన్నాక ఆమె మ్యాపు పరిచి, ఛీఫ్ ఇంజినీరుకి ప్లాను వివరించినట్టు వివరించింది. రైలు ఇదిగో, లీడ్స్‌కి గంట పైచిలుకు. నది ఇదిగో. కొండ ఇదిగో.

"ఆ ఊర్ల ఎంతమంది ఉంటరు అత్తమ్మా?"

"రెండున్నర వేలట."

"మా హనుమకొండల ఒక్క గల్లీల ఉంటరు అంతమంది." ఉమాకాంత్ నెత్తి గోక్కున్నాడు. "పొద్దున లేస్తే గొర్రెలు తప్ప మనుషులు కనవడరు."

"బ్రాడ్‌ఫర్డ్ ఇదిగో. కొత్తిమీర, కరివేపాకు, బెండకాయలు. అడిగి వచ్చాను."

అతను మ్యాపు మీదికి వంగి రెండు ఊళ్ల మధ్య జానతో కొలిచాడు. ఆ కొలవడంలోనే సగం ఒప్పుకున్నాడని జయంతికి అర్థమైంది.

స్మృతి అప్పటికే ఫోన్లో అద్దె ఇళ్లు వెతుకుతోంది. రెండే దొరికాయి. ఒకటి సెటిల్‌లోనే, కొండ కిందే వరసగా కట్టిన రాతి ఇళ్లలో ఉంది. గుమ్మం చుట్టూ గులాబీ తీగ. ఫోటో చూడగానే స్మృతి ఫోన్ గుండెకి ఆనించుకుంది. రెండోది నదికి అవతల గట్టున, గిగుల్స్‌విక్ అనే పల్లెలో ఓ మామూలు ఇల్లు. గిగుల్ అంటే ఇంగ్లిషులో కిసుక్కున నవ్వడం. ఆ పేరు వినగానే దియ నేలమీద పడి దొర్లి దొర్లి నవ్వింది.

"గిగుల్! అమ్మా, ఊరి పేరే గిగుల్. నేను అక్కడ ఉంటాను. నా ఫ్రెండ్స్‌కి చెప్పేస్తాను."

"ఆ ఇంటికి గులాబీలు కూడా లేవే," అంది స్మృతి. మొదటి ఇంటి మీంచి ఆమె చూపు కదల్లేదు.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి, అంటే అక్కడ మధ్యాహ్నం రెండింటికి, అద్దె ఇళ్లు చూపించే అమ్మాయి వీడియోలోకి వచ్చింది. గులాబీల ఇంట్లో గదులన్నీ తిప్పి చూపిస్తుంటే స్మృతి అబ్బ, అబ్బ అంటూనే ఉంది. జయంతి ఆ పక్కనే స్కేలు పెట్టి ఏదో కొలుస్తూ, కాగితం మీద లెక్క కడుతోంది. ఉన్నట్టుండి తలెత్తి, తన ఆఫీసు ఇంగ్లిషులో అడిగింది.

"మేడమ్, డిసెంబరులో ఈ వంటింట్లోకి ఎండ ఎన్నింటికి వస్తుంది?"

ఆ అమ్మాయి కెమెరా తనవైపు తిప్పుకుంది. తర్వాత నవ్వేసింది. "ఇంతవరకూ నన్నెవరూ అడగలేదండీ. వెనక కొండ ఉంది కదా. నిజం చెప్పాలంటే పదకొండున్నర దాటుతుంది. మబ్బు లేకపోతే."

జయంతి తన కాగితాన్ని కూతురి వైపు జరిపింది. దాని మీద 'పదకొండు తర్వాతే' అని అప్పటికే రాసి ఉంది.

ఉమాకాంత్ ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "ఇది మీకు ఎట్ల తెలిసింది అత్తమ్మా?"

"వెనకున్న కొండ ఎంత ఎత్తో గీతలు చెప్తాయి. ఇంటికి ఎంత దూరమో స్కేలు చెప్తుంది. చలికాలం అక్కడ సూర్యుడు ఆగ్నేయం మూల తక్కువ ఎత్తులో వస్తాడు. ఆ కొండ దాటి రావాలి కదా మరి. నది అవతలి ఇంటికైతే కొండ దూరం, ఎండ ముందే పడుతుంది."

స్మృతి గులాబీల వంక ఇంకోసారి చూసింది. ఇష్టం చావలేదు గానీ, వర్జీనియా చలికాలాల్లోనే ఎండ లేకపోతే తను ఎలా ముడుచుకుపోతుందో ఆమెకు తెలుసు. "రెండోది చూపించండి," అంది మెల్లగా.

ఆ అమ్మాయి కారెక్కి, నది దాటి, పది నిమిషాల్లో మళ్లీ ఫోన్ చేసింది. ఇల్లు నిజంగానే మామూలుది. గోడలకు వెలసిన రంగు. వంటింట్లోకి వెళ్లగానే తెర మొత్తం తెల్లబడిపోయింది. కిటికీ నిండా ఎండ.

"వెనక తలుపు తియ్యమ్మా," అంది జయంతి. "కుడివైపు తిప్పు. అక్కడ చర్చి కనపడాలి. శిఖరం కాదు, చదరపు బురుజు."

కెమెరా తిరిగింది. చెట్ల మీంచి చదరపు బురుజు. దాని వెనక రాతి గోడలు, గోడల మధ్య ఎత్తెక్కిపోతున్న పచ్చిక, తెల్లటి చుక్కల్లా గొర్రెలు. గీతల్లో నెల రోజులుగా చూస్తున్న నేల మొదటిసారి రంగుల్లో, గాలికి కదులుతూ కనిపించింది. జయంతి కూతురి భుజం పట్టుకుంది.

"అప్లై చేసేస్తున్నాను," అంది స్మృతి. "ఎవరైనా వద్దంటే ఇప్పుడే చెప్పండి."

ఎవరూ వద్దనలేదు. ఉమాకాంత్ అత్తగారి వంక తిరిగి, "మీరు గూడ మాతోని వస్తరు గద?" అన్నాడు.

జయంతికి సెప్టెంబరులో రాజమండ్రికి తిరుగు టికెట్టు ఉంది. తను వెళ్లడమన్న సంగతే ఆమె తలపులోకి రాలేదు. ఇన్నాళ్లూ ఊరు వెతికింది వాళ్ల కోసమే. "నేనా?" అంది.

"మీరు లేకుంటే ఆ గోడలల్ల మేం తప్పిపోతం."

ఆ వారమే స్మృతి తల్లి పేర యూకే విజిటర్ వీసాకి అప్లై చేసింది. వేలిముద్రలు, ఫోటోలు, ఫారాలు. జయంతి రోజుకి నాలుగుసార్లు మెయిల్ చూడమని దియను పీడించింది. మూడు వారాలకి ఓ మధ్యాహ్నం వీసా వచ్చింది. ఆమె స్టవ్ ఆపేసి, పులుసు అలాగే వదిలేసి, గొడుగైనా తీసుకోకుండా డోరీన్ ఇంటికి నడిచింది.

డోరీన్ వార్త విని చప్పట్లు కొట్టింది. వెంటనే మొహం గంభీరంగా పెట్టింది. "మీ కాళ్లకి ఏమున్నాయి?"

"సాక్సూ, శాండల్సూ."

"వాటితోనా? బురదలో, తడి రాళ్ల మీదా? మీ అమ్మాయిని కారు తీసుకురమ్మనండి."

శనివారం అందరూ షాంటిలీ వైపు ఓ పెద్ద షాపుకి వెళ్లారు. కొండలెక్కేవాళ్ల సామాన్లు అమ్మే చోటు. బూట్లు వేసుకుని పరీక్షించడానికి అక్కడ నకిలీ రాళ్లు అతికించిన ఓ చిన్న ఏటవాలు కట్టారు. డోరీన్ ఎదురు బెంచీ మీద కూర్చుని, జయంతి కాలి మడమ దగ్గర తోలు నొక్కి చూసింది. రెండు జతలు వద్దని తోసేసింది. మూడో జతకి లేసులు తనే తడుముకుంటూ కట్టింది.

"ఇప్పుడు ఎక్కండి."

జయంతి నేత చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఎక్కింది. షాపులో వాళ్లు ఆగి చూశారు. ఆమె పట్టించుకోలేదు.

"దిగండి. బొటనవేలు ముందుకి తగులుతోందా?"

"లేదు."

"మడమ లేస్తోందా?"

"లేదండీ."

"అయితే ఇవే. అక్టోబరులో ఆ వంతెన దగ్గర నిలబడి నాకు ఫోన్ చెయ్యాలి. చేపలు ఎగిరే చప్పుడు వినిపించాలి."

"చేస్తాను," అని జయంతి ఇంకో రెండుసార్లు ఎక్కి దిగి, మళ్లీ ఏటవాలు వైపు తిరిగింది.

"అమ్మా, సరిపోయాయిగా. ఇప్పటికి మూడుసార్లు ఎక్కావు," అంది స్మృతి.

"ఉండవే, ఆ ఎడమవైపు రాయి మీంచి ఇంకా ఎక్కలేదు," అంటూ జయంతి కుచ్చిళ్లు ఇంకాస్త పైకి దోపుకుంది.